సరుగుడు కట్టెల నుంచి గ్యాస్ హాబ్ దాకా: మా చింతాద్రిపేట ఇంటి పొయ్యి కథ

మా ఇంటి చరిత్ర రాయడం మొదలుపెట్టాక ఇంతవరకూ తాతయ్య డైరీల గురించి, వీధి అరుగు గురించి, నెల్లూరు నుంచి వచ్చిన దారి గురించి రాశాం. వంటింటి గురించి ఒక్క ముక్క రాయలేదు. "మీ చరిత్రలో ఎవరూ అన్నం తినలేదా?" అని అత్తమ్మ అడిగేదాకా మాకా సంగతి తట్టలేదు. అందుకని ఈసారి పొయ్యి గురించి.

ఇంకో కారణం కూడా ఉంది. 2021లో రెండో విడత కోవిడ్ వచ్చినప్పుడు మా ఇంట్లో అందరికీ వాసన పోయింది. మాకు నెల తిరక్కుండానే తిరిగొచ్చింది. అత్తమ్మకి రాలేదు, ఇప్పటికీ లేదు. పోయిన ఏడాది ఒక సాయంత్రం పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. నాబ్ మాత్రం తిప్పే ఉంది. ఆమె అక్కడికి నాలుగడుగుల దూరంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. ఏమీ తెలియలేదు. స్కూలు నుంచి వచ్చిన మా పెద్దోడు గుమ్మంలోనే "నాయనమ్మా, గ్యాస్!" అని అరిచాడు. కిటికీలు తీశాం, రెగ్యులేటర్ కట్టేశాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి అత్తమ్మ అన్నం ముందు కూర్చుని, "కూరలో ఇంగువ అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు. ఇది ఎట్టా సర్దుకునేదమ్మా?" అన్నారు.

మర్నాటి నుంచి కొత్త స్టవ్ వేట మొదలైంది. అమెరికాలో ఉండే మరిది ఫోన్ చేసి, "వదినా, డబ్బు నేను పంపుతా, అమ్మకి అన్నిటికన్నా మంచిది కొనండి" అన్నాడు. తన ఇంట్లో ఉన్నలాంటి 36 అంగుళాల రేంజ్ ఫోటోలు పంపాడు. ఆరు బర్నర్లు, కింద ఓవెన్, ఇనప గ్రిల్లు. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్ళం. మాకు తెలిసిన పద్ధతిలో ఎక్సెల్ షీట్ తీశాం. ధర, బరువు, బర్నర్ల శక్తి, గాజు మందం, వారంటీ అని గడులు నింపుకుంటూ పోయాం. ఎంత నింపినా ఏది కొనాలో తేలలేదు. అప్పుడు వేరే ప్రశ్న వేసుకున్నాం. ఈ ఇంట్లో ఇంతకు ముందు పొయ్యి ఎన్నిసార్లు మారింది? ప్రతిసారీ దాన్ని ఎంచింది ఎవరు?

కట్టెల కాలం

తాతయ్య వాళ్ళు 1938లో నెల్లూరు జిల్లా నుంచి చెన్నపట్నం వచ్చి చింతాద్రిపేటలో దిగారు. ఈ పేట 1734 ప్రాంతంలో గవర్నర్ మోర్టన్ పిట్ హయాంలో నేతవాళ్ళ కోసం వెలిసింది. కూవం నది ఒడ్డున సుంకురామ చెట్టి అనే వర్తకుడి తోట ఉన్న చోటు. చిన్న తరి పేట అన్న తమిళ మాటే చింతాద్రిపేట అయింది. తరి అంటే మగ్గం. తెలుగు మాటలు ఈ వీధుల్లో అప్పటి నుంచీ వినబడుతూనే ఉన్నాయి.

ఆ ఇంట్లో వంటిల్లు అన్నిటికన్నా వెనక, అన్నిటికన్నా చీకటి గది. పొయ్యి నేల మీద. మట్టితో కట్టి పేడతో అలికినది. పెద్ద పొయ్యికి పక్కనే అంటుకుని చిన్నది ఒకటి. మంట పెద్దదాని కింద వేస్తే మిగిలిన వేడి పక్కదానికి పోతుంది. దాన్ని తమిళంలో కొడి అడుప్పు అంటారు, మా ఇంట్లోనూ ఆ మాటే వాడేవాళ్ళట. పెద్దదాని మీద అన్నం ఉడికే లోపల చిన్నదాని మీద చారు మరుగుతుంది. ఒకే మంటకి రెండు పనులు. ఇప్పటి కంపెనీలు వేడి వృథా కాకూడదని చెప్పే మాట అప్పటి మట్టిపొయ్యికి తెలియంది కాదు.

కట్టెలు సరుగుడువి. సముద్రం ఒడ్డు ఇసకలో నిటారుగా పెరిగే చెట్టు, తమిళంలో సవుక్కు. నెల్లూరు వైపు నుంచి కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో పట్నానికి వచ్చేవి. ఇప్పుడు రాకెట్లు ఎగిరే శ్రీహరికోట ఒకప్పుడు పట్నానికి వంటచెరకు పంపిన అడవి. అంటే మా తాతయ్య వాళ్ళు వదిలి వచ్చిన జిల్లా వాళ్ళ వెనకే పొయ్యిలోకి కూడా వచ్చిందన్నమాట. పేటలో కట్టెలమ్మే అడితిని విరగు తొట్టి అనేవాళ్ళు. అక్కడ తూకం వేయించి, బండి మీద తెప్పించి, పెరట్లో ఎండబెట్టడం మగవాళ్ళ పని. ఆ తరవాతదంతా పెద్దవ్వ పని. పెద్దవ్వ అంటే మామయ్య అమ్మగారు. ఊదుగొట్టం పట్టుకుని, కళ్ళు నులుముకుంటూ, తెల్లారి నాలుగింటికి మొదలు. వానాకాలంలో పచ్చికట్టె దొరికితే ఇల్లంతా పొగ. ఆమెకి యాభై దాటకుండానే రెండు కళ్ళలో శుక్లాలు వచ్చాయి. పొగ వల్లేనని మేము తేల్చి చెప్పలేం. కానీ కట్టెల పొగకి, కంటి శుక్లాలకి, ఊపిరితిత్తుల జబ్బులకి సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తూనే ఉంది.

ఆ పొగ గురించి ఆలోచించినవాళ్ళు అప్పట్లోనే ఉన్నారు, మన తెలుగు నేల మీదే. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యిని రూపొందించారు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు పెట్టుకోవచ్చు, పొగ గొట్టంలోంచి ఇంటి బయటికి పోతుంది. ఆ సంస్థ ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి దానికి హెర్ల్ చుల్లా అని పేరు. కోట్లమంది ఇళ్ళకి పొగలేని వంటగదులు కావాలని చెప్తూ ఆయన రాసిన చిన్న పుస్తకం 1953లో ఈ మదరాసులోనే క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ప్రచురించింది.

1953 అంటే మా ఇంట్లో వేరే సందడి. 'మదరాసు మనదే' అన్న ఊరేగింపులు అయిపోయి, పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో ప్రాణం విడిచి ఏడాది కాకముందే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, పట్నం రాలేదు. కర్నూలు వెళ్ళిపోదామా, ఇక్కడే ఉందామా అని తాతయ్య డైరీలో పేజీలకి పేజీలు ఉన్నాయి. చివరికి ఉండిపోయారు. అదే ఏడాది అదే ఊళ్ళో అచ్చయిన పొగలేని పొయ్యి పుస్తకం గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. అచ్చు పనిలోనే ఉండిన మనిషికి ఆ పుస్తకం కంటపడలేదో, పడినా అది ఆడవాళ్ళ సంగతి అనిపించిందో.

బొగ్గుల కుంపటి, పొట్టు పొయ్యి కూడా ఈ కాలానివే. కుంపటి కాఫీకి, అప్పడాలు కాల్చడానికి, బాలింత గదిలో వేడికి. పొట్టు పొయ్యి అంటే ఇనప డబ్బాలో మధ్యన సీసా లాంటిది నిలబెట్టి చుట్టూ రంపపు పొట్టు గట్టిగా కూరి, సీసా మెల్లగా పైకి లాగేస్తే మిగిలే బొందలో మంట. ఒకసారి అంటుకుంటే గంటల తరబడి నిదానంగా మండుతుంది. కొయ్య మిల్లుల్లో పొట్టు చవక. దీన్ని మాత్రం పెద్దవ్వే ఏరి కోరి తెప్పించుకున్నారట. ఊదే పని ఉండదని. మాకు దొరికినంతలో ఈ ఇంట్లో వండే మనిషి తానుగా ఎంచుకున్న మొదటి పొయ్యి అదే.

మా మాట ఒకటి. మేము చదివింది కోలారు జిల్లాలో కన్నడ మీడియం బళ్ళో. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. పొయ్యిని బడి పుస్తకంలో ఒలె అని చదివి, ఇంట్లో పొయ్యి అని, పెళ్ళయి ఇక్కడికొచ్చాక పక్కింటివాళ్ళతో అడుప్పు అని అన్నాం. తెలుగు అక్షరాలు అత్తమ్మ నేర్పినవే. ఈ వ్యాసం కూడా ఆమె చదివి దిద్దిందే. ఆమె దిద్దకుండా వదిలిన తప్పులుంటే అవి మావి.

కిరసనాయిలు కాలం

పంపు స్టవ్ మా ఇంటికి 1957లో వచ్చింది. దీని మూలం స్వీడన్‌లో ఉంది. 1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ చేసిన ప్రైమస్ స్టవ్ అది. వత్తి ఉండదు. ఇత్తడి తొట్టిలో కిరసనాయిలు పోసి పంపు కొడితే లోపలి గాలి ఒత్తిడికి నూనె పైకి ఎక్కుతుంది. కాలే గొట్టంలో ఆవిరై సన్నని రంధ్రంలోంచి బుస్సుమని నీలం మంటగా వస్తుంది. కట్టెకన్నా వేగం, పొగ తక్కువ. చప్పుడు మాత్రం వీధి దాకా. ఆ రంధ్రంలో మసి చేరితే పిన్ను పెట్టి పొడవాలి. ప్రతి ఇంట్లో గోడకి ఒక స్టవ్ పిన్ను వేలాడేది. ఇక్కడివాళ్ళు కిరసనాయిలుని కృష్ణాయిల్ అంటారు. రేషన్ కార్డు మీద కృష్ణాయిల్ క్యూలో నిలబడటం మామయ్య చిన్నతనంలో ఆదివారం డ్యూటీ.

పొగ పోయింది కదా అని ప్రమాదం పోలేదు. రంధ్రం మూసుకున్నప్పుడు ఇంకా పంపు కొడితే, మండుతుండగా నూనె పోస్తే, చీర కొంగు తగిలితే అంతే. 'స్టవ్ పేలి కోడలి మృతి' అన్న వార్తలు 1970లలో, 80లలో పేపర్లలో ఎన్ని వచ్చాయో. వాటిలో అన్నీ ప్రమాదాలు కావని దేశానికి మెల్లగా తెలిసొచ్చింది. 1983లో శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్, 1986లో వరకట్న మరణాల మీద 304బి సెక్షన్ వచ్చాయి. వంటింట్లో ఏం జరిగినా పొయ్యి మీద తోసెయ్యడం అంత సులువుగా ఉండిన కాలం అది. అత్తమ్మ 1977లో ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వాళ్ళ అమ్మగారు చెప్పిన మొదటి జాగ్రత్త, "పంపు స్టవ్ కాడ నైలాన్ చీర కట్టబాక" అని. పెద్దవ్వ ఆమెని పంపు స్టవ్ ముట్టుకోనిచ్చేవారు కాదట. "నువ్వు చిన్నదానివి, నేను కొడతాలే" అని తానే కొట్టేవారు. మా ఇంట్లో అత్తాకోడళ్ళ కథ అలా మొదలైంది.

తరవాత వత్తుల స్టవ్ కొన్నారు. ఇండియన్ ఆయిల్ పరిశోధనా కేంద్రం రూపొందించిన నూతన్ స్టవ్. నూనె తక్కువ తాగుతుందని పేరు. పేలే భయం లేదు. కాని వత్తులు కత్తిరించుకుంటూ, గిన్నెలకి మసి తోముకుంటూ ఉండాలి.

గ్యాస్ కాలం

గ్యాస్ మీద వండటం ఇంగ్లండులో పాత సంగతే. నార్తాంప్టన్‌లో జేమ్స్ షార్ప్ 1826లోనే గ్యాస్ స్టవ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో సిలిండర్ గ్యాస్ అమ్మకం 1955లో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీ బర్షేన్ పేరుతో మొదలుపెట్టింది. ఇండియన్ ఆయిల్ వాళ్ళ ఇండేన్ మొదటి కనెక్షన్ 1965 అక్టోబరు 22న కలకత్తాలో ఇచ్చారు. అదే ఏడాది డిసెంబరులో మదరాసు రిఫైనరీస్ కంపెనీ పెట్టారు. మనలి దగ్గర వాళ్ళ రిఫైనరీ 1969లో పని మొదలుపెట్టింది. ఇప్పుడు దాని పేరు చెన్నై పెట్రోలియం. విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ అంతకు ముందే, 1957లో వచ్చింది. ముడి చమురు శుద్ధి చేసేటప్పుడు వచ్చే గ్యాస్ ఇది. అంటే రిఫైనరీ దగ్గరుంటేనే వంటింటికి దారి.

దారి ఉన్నా క్యూ పెద్దది. తాతయ్య డైరీ ప్రకారం 1973 ఆగస్టులో పేరు రాయించారు, సిలిండర్ ఇంటికొచ్చింది 1979 ఫిబ్రవరిలో. అయిదున్నరేళ్ళు. ఆ కాలంలో ఎంపీల చేతిలో గ్యాస్ కూపన్లు ఉండేవి, గ్యాస్ ఉన్న సంబంధం అంటే మంచి సంబంధం. 1993లో ప్రైవేటు కంపెనీలకి అనుమతి వచ్చాక క్యూలు కాస్త తగ్గాయి. 1999లో అక్కడ ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2007లో ఇక్కడ తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన గ్యాస్ స్టవ్‌లు, 2016లో ఉజ్వల. మా ఇంటికి అయిదున్నరేళ్ళు పట్టినది పేద ఇళ్ళకి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

గ్యాస్ వస్తోందని వంటిల్లు మార్చారు. నేల పొయ్యి తీసేసి నిలబడి వండే దిమ్మ కట్టించారు. పైన నల్లటి కడప బండ. చెన్నైలో పాత ఇళ్ళలో చాలా వంటగదుల్లో ఈ బండే, కడప్పా కల్ అని తమిళంలో కూడా కడప పేరే. డైరీలో బండ ధర ఉంది, మేస్త్రీ కూలి ఉంది, సిలిండర్ డిపాజిట్ ఉంది, స్టవ్ మీద ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందని కూడా ఉంది. దిమ్మ ఎంత ఎత్తు కట్టాలని వండేవాళ్ళని అడిగినట్టు లేదు. మేస్త్రీ 34 అంగుళాలు కట్టాడు. దాని మీద స్టవ్ ఇంకో నాలుగైదు అంగుళాలు. దాని మీద గిన్నె. పెద్దవ్వ అయిదడుగులు లేరు. పీట వేసుకుని నిలబడేవారు. నలభై ఏళ్ళు నేల మీద కూర్చుని వండిన మనిషి, ఒక్క రోజులో పీట మీద నిలబడి వండాల్సి వచ్చింది. ఆ పీట ఇప్పటికీ ఉంది. అత్తమ్మ కూడా దాని మీదే నిలబడేవారు.

పెద్దవ్వకి గ్యాస్ మీద ఇంకో అనుమానం, మడి. ఎక్కడో ఎవరో నింపిన గాలితో వండింది దేవుడికి పెట్టొచ్చా అని. ఏడాది పాటు నైవేద్యం కుంపటి మీదే. తరవాత ఆమే మానేశారు. అత్తమ్మ అడిగితే, "దేవుడికి కూడా పొగ తప్పింది" అన్నారట.

వాసన సంగతి ఇక్కడ చెప్పాలి. సిలిండర్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్‌లకి తమంతట తాము చెప్పుకోదగ్గ వాసన లేదు. లీకైతే తెలియాలని ఇథైల్ మర్కాప్టాన్ అనే కంపు కొట్టే పదార్థం కొంచెం కలుపుతారు. గ్యాస్ వాసన అని మనం అనేది నిజానికి దాని వాసన. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుని మూలల్లో నిలుస్తుంది. అంటే ఇళ్ళలో గ్యాస్ భద్రత అంతా ఒక ముక్కు మీద ఆధారపడి ఉంది. కట్టెల పొయ్యి పెద్దవ్వ కళ్ళని తీసుకుంది. పంపు స్టవ్ ఎంతమంది ఒళ్ళు కాల్చిందో. గ్యాస్ వాళ్ళిద్దరికన్నా మంచిదే, కాని పనిచేసే ముక్కున్న మనిషి ఎప్పుడూ ఇంట్లో ఉంటారనే నమ్మకం మీద నడుస్తుంది. ఈ సంగతి మా ఎక్సెల్ షీట్‌లో ఏ గడిలోనూ లేదు.

మూడు స్టవ్‌లు

షీట్ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మొదటి గడి: మంట ఆరిపోతే గ్యాస్ దానంతట అది ఆగుతుందా? రెండోది: అత్తమ్మ పీట లేకుండా నిలబడి వండగలరా? మూడోది: వేళ్ళ కీళ్ళ నొప్పులతో నాబ్ తిప్పగలరా? ధర నాలుగోది.

మరిది చెప్పిన అమెరికా రకం రేంజ్ మొదట చూశాం. అక్కడ బర్నర్ల శక్తిని బీటీయూల్లో చెప్తారు, 18,000 బీటీయూ అంటే సుమారు 5.3 కిలోవాట్లు. అలాంటి బర్నర్ ఒక్కటి పూర్తి మంట మీద గంటకి దాదాపు 400 గ్రాముల గ్యాస్ తాగుతుంది. అలాంటివి ఆరూ వెలిగిస్తే గంటకి దాదాపు రెండున్నర కిలోలు. మన 14.2 కిలోల సిలిండర్, ఇంటి రెగ్యులేటర్ అంత ధారకి చేసినవి కావు. ఓవెన్ విద్యుత్తు అక్కడిది 120 వోల్టులు, ఇక్కడ 230. అన్నిటికన్నా ముఖ్యం, మేము చూసిన మోడల్‌లో పై బర్నర్లకి మంట ఆరితే గ్యాస్ ఆపే ఏర్పాటు లేదు. పైగా అది నేల మీద నిలబడే పెట్టె, ఎత్తు 36 అంగుళాలు, తగ్గించడానికి వీల్లేదు. ధర నాలుగు లక్షలు దాటింది. పెద్ద హోటలు వంటవాడికి అది గొప్ప స్టవ్ కావచ్చు. పేణం మీద దోసె, చిన్న గిన్నెలో చారు పెట్టుకునే ఇంటికి అంత మంట గిన్నె పక్కల నుంచి పైకి పోయేదే.

రెండోది ఇక్కడ దొరికే బరువైన స్టీలు స్టవ్, దిమ్మ మీద పెట్టుకునేది, నాలుగు ఇత్తడి బర్నర్లు. ఐ.ఎస్. 4246 ప్రమాణం ప్రకారం ఇంటి గ్యాస్ స్టవ్ కనీసం 68 శాతం వేడిని గిన్నెకి అందించాలి, దీని మీద ఆ ముద్ర ఉంది. పెద్ద గుండిగ పెట్టినా కదలదు, రిపేరుకి వీధి చివరే మనిషి దొరుకుతాడు. మామయ్యకి ఇదే నచ్చింది. కాని మేము చూసినవాటిలో మంట ఆపే ఏర్పాటు లేదు, ఎత్తు పాతదే.

మూడోది హాబ్. బండలో కంత కోసి దించేది, పైన గట్టి గాజు పలక. మూడు బర్నర్లు, పెద్దది 3.5 కిలోవాట్లు. ప్రతి బర్నర్ పక్కన సన్నని కడ్డీ ఒకటి ఉంటుంది, థర్మోకపుల్. మంట వేడికి అందులో కొంచెం కరెంటు పుడుతుంది. ఆ కరెంటే లోపలి వాల్వ్‌ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే కడ్డీ చల్లారి, కరెంటు ఆగి, వాల్వ్ మూసుకుంటుంది. ఇంటి కరెంటు పోయినా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే దాని కరెంటు అదే పుట్టించుకుంటుంది. స్టవ్ బండ లోపలికి దిగుతుంది కాబట్టి గిన్నె ఎత్తు కూడా నాలుగంగుళాలు తగ్గింది. మేస్త్రీ 1979లో చేసిన తప్పు కొంత ఇప్పుడు సరయింది. ధర ముప్పై వేల లోపు.

దీనికీ లోపాలున్నాయి. వెలిగించేటప్పుడు కడ్డీ వేడెక్కేదాకా నాబ్ నొక్కి పట్టుకోవాలి, కొన్ని సెకన్లు. షాపులో అత్తమ్మ చేత ఇరవైసార్లు వెలిగింపించాం. షాపువాళ్ళు విసుక్కున్నారు, మేము ఆగలేదు. మొదట చూసిన మోడల్ నాబ్ బిగువుగా ఉంది, ఆమె వేలు నిలవలేదు. రెండో దాన్ని పట్టగలిగారు. అదే కొన్నాం. పండగకి పెద్దవ్వ నాటి ఇత్తడి గుండిగ గాజు మీద పెట్టడానికి మనసు ఒప్పదు. దాని కోసం పాత స్టవ్‌ని మేడ మీద ఉంచాం. బండ కోసేటప్పుడు అంచున ఒక పగులు వచ్చింది. కడప బండకి నలభై అయిదేళ్ళు, అంత మాత్రం చెయ్యదా.

ఇంటికొచ్చాక టెస్టింగ్ మా వంతు. మంట వెలిగించి, నిమిషం ఆగి, విసనకర్రతో ఆర్పి, వాచీ చూశాం. టక్ మని వాల్వ్ మూసుకోవడానికి పెద్ద బర్నర్‌కి 24 సెకన్లు, చిన్నదానికి 31. మూడు బర్నర్లకీ పదేసి సార్లు. ఒక్కసారి కూడా తప్పలేదు. అయినా ఈ ఏర్పాటు బర్నర్‌ని మాత్రమే కాపాడుతుంది. ట్యూబు లీకైతే దానికి తెలియదు. అందుకని లోపల తీగ అల్లిక ఉన్న సురక్షా ట్యూబు వేయించాం, అయిదేళ్ళకోసారి మార్చాలి. నేలకి జానెడు ఎత్తున గ్యాస్ అలారం పెట్టాం. రాత్రి రెగ్యులేటర్ కట్టడం అలవాటు చేసుకున్నాం. సిలిండర్ మెడ దగ్గర రాసి ఉండే అక్షరం, అంకె కూడా చూస్తున్నాం. ఏ నుంచి డి దాకా అక్షరాలు ఏడాదిలో నాలుగు భాగాలు, పక్కన సంవత్సరం, అంటే ఆ సిలిండర్‌కి మళ్ళీ పరీక్ష చెయ్యాల్సిన గడువు. గడువు దాటినది ఇస్తే వెనక్కి పంపొచ్చు.

ముందు ముందు ఇంకో మార్పు రావచ్చు. ఎన్నూరులో 2019లో ద్రవ సహజవాయువు టెర్మినల్ వచ్చాక చెన్నైలో పైపు గ్యాస్ వేస్తున్నారు. సహజవాయువు గాలికన్నా తేలిక, కప్పు వైపు పోతుంది. అది వచ్చిన రోజున స్టవ్‌లో జెట్లు మార్చాలి, అలారం నేల దగ్గర నుంచి పైకి ఎక్కించాలి. జెట్లు మార్చడానికి వీలున్న మోడలే తీసుకున్నాం.

మరిదికి ఫోన్ చేసి రేంజ్ వద్దన్నాం అని చెప్తే కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. "అమ్మకి అన్నిటికన్నా మంచిది కొనమన్నాను కదా వదినా" అన్నాడు. అత్తమ్మ ఫోన్ తీసుకుని, "ఇదేరా మంచిది. పీట తీసేశా" అన్నారు.

పీట తీసేశారు గాని పారెయ్యలేదు, దేవుడి గదిలో ఉంది. ఇంకో మాట కూడా దాచకుండా రాయాలి. మేము ముప్పైసార్లు టెస్ట్ చేసినా ఆమెకి ఆ టక్ శబ్దం మీద ఇంకా పూర్తి నమ్మకం కుదరలేదు. రోజూ రాత్రి వంటిల్లు సర్దేసి, రెగ్యులేటర్ కట్టేసి, మా పెద్దోణ్ణి పిలుస్తారు. "ఒరేయ్, ఒకసారి వచ్చి వాసన చూసి పో." వాడు చదువుతున్న పుస్తకం బోర్లించి వచ్చి, వంటింటి మధ్యలో నిలబడి, గట్టిగా ముక్కు ఎగబీల్చి, "ఏం లేదు నాయనమ్మా, చారు వాసనే" అంటాడు. అప్పుడు ఆమె దీపం ఆర్పుతారు.

మీ ఇళ్ళలో పొయ్యిల సంగతులు పెద్దవాళ్ళకి గుర్తుంటే అడిగి రాసి పంపండి. ముఖ్యంగా దిమ్మ ఎత్తు ఎంతో, అది ఎవరు చెప్పి కట్టించారో అడగండి.